కళ్లెలో క్రిమి పోయింది, మచ్చ పోలేదు

ఈ వారం నన్ను సంతోషపెట్టిన మనిషి డాక్టరు కాదు, టీబీ మందులు సక్రమంగా వేసుకుంటున్నారో లేదో చూసే ఒక సూపర్‌వైజరు. రోగికి మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది, కళ్లెలో క్రిమి పోయింది. కాగితం మీద అంతా సవ్యమే. "దగ్గు తగ్గింది సార్, గొంతు మాత్రం నానాటికీ పోతోంది. ఒకసారి చూడండి" అంటూ ఆయన్ని స్వయంగా వెంటబెట్టుకొచ్చాడు.

స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మెలిక తిరిగి పైకి వస్తుంది. అక్కడ గడ్డ ఒత్తితే గొంతు బొంగురుపోతుంది. టీబీ స్వరపేటికకు పాకినా అంతే, కాకపోతే మందులు పనిచేస్తుంటే అది తేరుకోవాలి.

ఏదో తేల్చాలంటే ముందు పాత ఎక్స్‌రే కావాలి. మా ప్రొఫెసరు గారు పాత ఎక్స్‌రే లేకుండా కొత్తదాని మీద మాట్లాడేవారు కారు. "అన్నం తిన్నాక తెద్దువుగానిలే" అనడం ఆయనకు తెలియదు. పాత ఫిల్ము కోసం రోగి బంధువుని బస్సెక్కించి ఊరికి పంపేవారు. రెండూ లైట్‌బాక్సు మీద పక్కపక్కన పెట్టి, మచ్చ అంచుల వెంబడి పెన్సిలు తిప్పుతూ చాలాసేపు నిలబడేవారు. ఎక్స్‌రేలు పారేయొద్దని నేనిక్కడ పదేపదే రాయడం ఆయన చలవే.

నేనిక్కడ తరచూ పాడే రెండో పాట: కళ్లె పరీక్ష చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టొద్దు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దగ్గు, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం, ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంటే ముందు టీబీయే తోస్తుంది. క్యాన్సర్‌కూ ఇవే లక్షణాలు. అలా నెలల తరబడి టీబీ మాత్రలు మింగి, ఆపరేషన్ దశ దాటాక వచ్చినవాళ్లున్నారు.

కానీ ఈయనకు పరీక్ష చేశారు, క్రిమి కనిపించింది. అయినా రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే మచ్చ పెరిగింది. క్రిమి కనిపిస్తే టీబీ ఉన్నట్టే, క్యాన్సర్ లేనట్టు కాదు. పాత టీబీ మచ్చను గడ్డ తొలిచినా నిద్రాణమైన క్రిములు బయటపడతాయి. పెట్ స్కాన్‌లో రెండూ వెలుగుతాయి కాబట్టి అదీ తేల్చదు. ముక్క తీయాల్సిందే. నా రెండో పాటకు ఇకపై ఈ చరణమూ కలుపుతున్నాను.

"ముక్క తీస్తే పాకుతుందట కదండీ?" అన్నారు ఆయన భార్య. ఆ భయం వల్ల జరిగే ఆలస్యమే ప్రమాదమని చెప్పి ఒప్పించాను. బ్రాంకోస్కోపీలో తీసిన ముక్క క్యాన్సరేనని తేల్చింది.

టీబీ మందులు ఆపకూడదు. అయితే వాటిలోని రిఫాంపిసిన్, జెఫిటినిబ్ వంటి క్యాన్సర్ మాత్రల మోతాదును రక్తంలో బాగా తగ్గించేస్తుంది. ఆయన వాడే మందులన్నీ రాసుకుని సోమవారం క్యాన్సర్ డాక్టరు గారితో కూర్చుంటున్నాను.