పళ్లెం చప్పుడు చేయని బండి

మా ఖరగ్‌పూర్‌లో ఖరిదా రైలుగేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు ఏ బండి పని ఎంతో తెలిసిపోతుంది. వదులుగా ఉన్న ప్రతి బోల్టూ అక్కడ నోరు విప్పుతుంది. మా మేనల్లుడు విశాఖ నుంచి తెచ్చిన క్యారవాన్ ఆ పట్టాలెక్కినప్పుడు నేను వెనక సీట్లో చెవొగ్గి కూర్చున్నాను. అరల్లో స్టీలు పళ్లేలు, గ్లాసులు, గాజు సీసాలో మా ఆవిడ పెట్టిన ఆవకాయ ఉన్నాయి. ఒక్కటీ పలకలేదు.

"ఎవర్రా దీన్ని చేసింది?" అన్నాను.

"వడ్రంగి పనంతా ఒక్కడే చేశాడు మావయ్యా. పాతికేళ్లుగా బస్సు బాడీలు కట్టినవాడు" అన్నాడు.

అలా చెప్పు మరి అనుకున్నాను. నేను ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో క్యారేజీ వడ్రంగిగా చేసి రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బీఎన్ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో వచ్చి ఆ షాపులోనే చేరాడు. ఇళ్లు కట్టే వడ్రంగి పని వేరు, బోగీ వడ్రంగి పని వేరు. ఇల్లు నిలబడి ఉంటుంది కాబట్టి ఎంత బిగిస్తే అంత మంచిది. బోగీ ఒళ్లంతా నిమిషానికి వందసార్లు అదురుతుంది. అందులో అతిగా బిగించింది విరుగుతుంది, వదులుగా ఉంచింది మోగుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి.

చక్రాల మీద ఇల్లు అంటే చాలామందికి సినిమా షూటింగుల క్యారవాన్లు, లేదంటే 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను మార్చి ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం గుర్తొస్తాయి. మా షాపువాళ్లకి మాత్రం సెలూన్. పెద్ద ఆఫీసర్లు లైను తనిఖీకి వెళ్లే బోగీ అది. పడకగది, స్నానాలగది, వంటగది, చివర వెనక్కి జారిపోయే పట్టాలు చూడటానికి పెద్ద కిటికీ ఉంటాయి. 2018లో రైల్వే కొన్ని సెలూన్లను మామూలు ప్రయాణికులకు కూడా తెరిచింది. పాతవాటి లోపలంతా టేకు. పీఓహెచ్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకి వచ్చిన సెలూన్‌లో పలక విప్పితే వెనక మేకు కనపడేది కాదు, అన్నీ స్క్రూలే. అదురుకి మేకు మెల్లగా పైకి లేస్తుంది, స్క్రూ పట్టు వదలదు. విప్పి మళ్లీ బిగించుకోవచ్చు కూడా.

ఈ వ్యాన్‌లోనూ ఆ తీరు పనే చూశాను. ట్రావెలర్ వ్యాన్ ఉక్కు గోడకీ ప్లైవుడ్ అరకీ మధ్య ఆ వడ్రంగి సన్నటి రబ్బరు పట్టీ వేశాడు. ఎండకి ఉక్కు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. చెక్క దానితో పాటు సాగదు. ఆ తేడాని రబ్బరు మింగేస్తుంది. అర తలుపు లాగితే రాదు, బొత్తాం నొక్కి లాగితేనే వస్తుంది. పళ్లేలను నిలబెట్టి పెట్టేందుకు చెక్కలో గాడులు తొలిచి, అడుగున మందపాటి గుడ్డ అంటించాడు. గేటు దగ్గర మాకు చప్పుడు వినపడకపోవడానికి కారణం అది. గాడి వెడల్పు చూడటానికి పళ్లెం తీసి నా వేలు పెట్టి చూశాను. అన్ని గాడులూ ఒక్కటే కొలత.

మేం వెళ్తున్నది దీఘా సముద్రతీరానికి. నారాయణ్‌గఢ్, బేల్దా దాకా హైవే. బేల్దాలో ఎగ్రా వైపు తిరిగాక సందుల్లో, సంతల్లో బ్రేకులే బ్రేకులు. నీళ్ల ట్యాంకు ఎక్కడుందిరా అని అడిగాను. నూరు లీటర్లంటే నూరు కిలోల బరువు. దాన్ని వెనక్కి నెడితే బండి ముందు తేలిపోతుంది, ఒక పక్కకి పెడితే ఒరుగుతుంది. ఇతను ముందు, వెనక చక్రాల మధ్య, కింద పెట్టాడు. ట్యాంకు లోపల బెజ్జాలున్న అడ్డురేకులు రెండున్నాయట. బ్రేకు వేసినప్పుడు నీళ్లన్నీ ఒక్కసారి ముందుకి దూకకుండా అవి ఆపుతాయి. ఎవరి కంటికీ కనపడని చోట అంత శ్రద్ధ పెట్టినవాడికి నేను దణ్ణం పెడతాను.

గ్యాసు సంగతీ అంతే. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందకే దిగుతుంది. సిలిండరు గూడు అడుగున బయటికి తెరిచిన రంధ్రం పెట్టి, లోపలి వైపు సందు లేకుండా మూసేశాడు. బ్యాటరీ 12 వోల్టులది, 200 ఆంపియర్ అవర్లు. లెక్కకి 2400 వాట్ అవర్లు. 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 200 ఖర్చు. బండి నడుస్తుంటే ఇంజనే దాన్ని నింపుతుంది. మా బోగీల కింద ఇరుసుకి బెల్టు వేసి డైనమో తిప్పేవాళ్లం, ఇదీ అలాంటి ఏర్పాటే.

రామ్‌నగర్ దాటాక గాలి మారింది. దీఘాని పూర్వం బీర్‌కుల్ అనేవారు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మెచ్చుకున్న తీరం ఇది. ఇక్కడికి రైలు 2004లో గాని రాలేదు. సరుగుడు చెట్ల పక్కన బండి ఆపుకొని ఆ రాత్రి అందులోనే పడుకున్నాం. ఉప్పుగాలి ప్లైవుడ్‌ని అంచుల్లోంచి తింటుంది. పొద్దున్నే టార్చి పట్టుకుని అంచులు చూశాను. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. సింకు కింద చెయ్యి దూరని మూలలో కూడా అంచు మూసి రంగు వేశాడు. స్క్రూలు స్టెయిన్‌లెస్.

ఒక్క తప్పు కనపడింది. ఎక్కే మెట్టు బాగా ఎత్తు. మా ఆవిడ మోకాళ్లకి ఆ మెట్టు పరీక్షే అయింది. కింద మడిచే మెట్టు ఇంకొకటి పెట్టించమని మావాడికి చెప్పాను.

క్యారవాన్ చేయించుకోవాలనుకునే వాళ్లకి ఒక మాట. సోఫా రంగు, టీవీ సైజు తరవాత చూసుకోవచ్చు. ముందు సింకు కింద తల పెట్టి చూడండి, గ్యాసు గూడు రంధ్రం ఎటు తెరిచిందో అడగండి. డబ్బు కట్టేముందు అరల్లో గిన్నెలు సర్ది, మీ ఊళ్లో ఉన్న రైలుగేటు ఒకటి దాటించి చూడండి.