వీడియో టేపు ఫార్మాట్ల పరిణామం: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు బస్సు కోసం నిలబడి, ఫోనులో వీడియో పాఠం చూసే విద్యార్థులు మీలో ఉండవచ్చు. మీకు టేపు పాతకాలపు వస్తువుగా తోచవచ్చు. కానీ మన తెలుగు టెలివిజన్ తొలి దశాబ్దాల జ్ఞాపకం చాలావరకు టేపు మీదనే ఉంది. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు ప్రసారాలు అందించిన సైట్ ప్రయోగానికి హైదరాబాదు ఒక నిర్మాణ కేంద్రం. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు మొదలైనాయి.

2. ప్రధాన దశలు

1956లో ఆంపెక్స్ సంస్థ రెండు అంగుళాల వెడల్పు టేపుతో క్వాడ్రుప్లెక్స్ యంత్రాన్ని ప్రవేశపెట్టింది. దానిని ఎక్కువగా స్టూడియోలోనే ఉంచేవారు. 1971లో వచ్చిన యూమాటిక్ ముప్పావు అంగుళం టేపును క్యాసెట్‌లో బిగించింది. 1976లో వచ్చిన ఒక అంగుళం టైప్-సి ద్వారా బొమ్మను ఆపి చూపడం, నెమ్మదిగా నడపడం సులువైంది. 1982లో సోనీ బీటాకామ్ కెమెరాను, రికార్డరును ఒకే పరికరంగా చేసింది. 1993లో వచ్చిన డిజిటల్ బీటాకామ్‌తో, కాపీ తీసిన ప్రతిసారీ నాణ్యత తగ్గే సమస్య దాదాపు తొలగింది.

3. విమర్శ

ఈ చరిత్రను సాధారణంగా "బొమ్మ నానాటికీ మెరుగైంది" అని చెబుతారు. ఇది సగం నిజం మాత్రమే. యూమాటిక్ బొమ్మ క్వాడ్రుప్లెక్స్ బొమ్మకు సాటి రాదు. అయినా వార్తా సేకరణను మార్చింది యూమాటిక్కే. ఫిల్మును కడిగేదాకా ఆగనక్కరలేకుండా, పొలం గట్టు మీద తీసిన దృశ్యాన్ని ఆ రోజే ప్రసారం చేసే వీలు కలిగింది. కాబట్టి ఫార్మాట్‌ను అంచనా వేసేటప్పుడు "బొమ్మ ఎంత స్పష్టం?" అనే ప్రశ్న చాలదు. "దీనిని ఎవరు, ఎక్కడ వాడగలిగారు?" అని కూడా అడగాలి.

మూడో ప్రశ్న మరీ ముఖ్యమైనది: "రేపు దీనిని చదవగలమా?" టేపు ఖరీదైనది. చెరిపి మళ్లీ వాడవచ్చు. ఆ సౌకర్యమే శాపమైంది. బీబీసీ వంటి సంస్థ కూడా 1960, 70 దశకాలలో ఎన్నో కార్యక్రమాలను చెరిపివేసింది. చెరపకుండా మిగిలిన టేపుకు తేమ శత్రువు. అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. టేపు బాగున్నా, నడిపే యంత్రం లేకపోతే అది మూగదే. ఆ యంత్రాల తయారీ ఆగిపోయింది. విడిభాగాలు, మరమ్మతు తెలిసినవారు అరుదైపోయారు. ప్రతి కొత్త ఫార్మాట్ పాతదానిని చదవలేని భాషగా మార్చింది. తయారీదారుల చరిత్రలో దీనిని ప్రగతి అంటారు. భద్రపరిచేవారి చరిత్రలో ఇది నష్టం.

4. ముగింపు

అయితే, ఫైళ్ల యుగంలో ఈ చిక్కు తీరిందనుకోవద్దు. హార్డ్ డిస్కు చెడిపోతుంది; ఫైలు ఫార్మాట్ మారిపోతుంది. తీరు మారింది గాని సమస్య మారలేదు. మీ ఇంటి బీరువాలో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ఉంటే, దానిని నడిపే యంత్రం దొరికినప్పుడే కాపీ చేయించండి. ఈ పాఠం మీకు అక్కడ అర్థమవుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. యూమాటిక్ బొమ్మ నాణ్యతలో వెనుకబడినా ఎందుకు నిలిచింది?
2. "కొత్త ఫార్మాట్ పాతదానిని మూగ చేస్తుంది." మీ ఇంట్లోని ఒక ఉదాహరణతో చర్చించండి.