గోలకొండ కోటలో శబ్దము

1591లో మహమ్మదు కులీ కుతుబుషా చార్మినారును నెలకొల్పి హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. నేడు పాతబస్తీ యని మనము పిలుచు ఆ నగరమునకు పుట్టినిల్లు గోలకొండ. తెలుగును దక్కనీయు పక్కపక్కనే వినబడు అలవాటు పాతబస్తీకి కోటనాటినుండియు వచ్చినదే. కావున ఆ కోటలో రాత్రివేళ ఆరుబయట జరుగు ధ్వని దీప ప్రదర్శనమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ ప్రదర్శనము 1993లో ఆరంభమైనది. దాని ఇంగ్లీషు కథనమునకు అమితాబ్ బచ్చన్ కంఠము తోడైనది. హిందీ, తెలుగు కథనములు వేరుగా నేర్పడినవి. 2024లో గోడలపై చిత్రములను ప్రసరింపజేయు క్రొత్త యంత్రములతో దీనిని నూతనపరచిరి. చరిత్ర చదువనివారికి సయితము కుతుబుషాహీల కథ చెవికెక్కించుట గొప్ప మేలు; అందు తెలుగునకు చోటు దొరకుట మరింత మేలు.

అయినను ఒక కొరత కలదు. ఈ కోటయే యొక శబ్దయంత్రము. క్రింది ద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు చరచినచో, దాదాపు కిలోమీటరు దూరమున కొండకొననున్న బాలాహిస్సారులో వినబడును. ఆపద రాకను పైవారి కెరిగించుటకు ఈ యేర్పాటు చేసిరందురు. ఇట్టి చోట ముందుగా పట్టియుంచిన కంఠమును యంత్రములచే బిగ్గరగా పలికించినచో కథ వినబడును గాని కోట వినబడదు. మాటలాడగల పెద్దను ఎదుట కూర్చుండబెట్టి, ఆయన కథను మరియొకరు చెప్పినట్లుండును.

భాష సంగతియు నిట్టిదే. ఇబ్రహీం కుతుబుషాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నంకితమిచ్చెను. మన కవులు ఆ రాజును మల్కిభరాముడనిరి. ఆయన కుమారుడు కులీ దక్కనీలో కవిత్వము చెప్పెను. తానీషా కాలమున చెరలోనున్న కంచర్ల గోపన్న తెలుగున రామునకు మొరపెట్టుకొనెను. ఈ గొంతులన్నియు నొక్క కోటలోనివే. శ్రోతలను భాషలవారీగా కూర్చుండబెట్టుట అర్థమగుటకు అవసరము కావచ్చును. కాని కవుల మాటలను మాత్రము వారి వారి భాషలలోనే, అన్ని ప్రదర్శనములందును వినిపించుట నియమము కావలెను. అర్థము తెలియని మాటకు సయితము నాదము కలదు. పొరుగువాని భాష నాదమైనను ఎరుగనివాడు వాని జ్ఞాపకములలో పాలుపంచుకొనజాలడు.

మేము కోరునది స్వల్పము. కథ మొదలగుటకు ముందు రెండు నిమిషములు యంత్రములు మౌనము వహించుగాక. క్రిందినుండి ఒకడు చప్పట్లు చరచుగాక. పైనున్నవాడు దానిని విని దీపమెత్తి బదులిచ్చుగాక. ఆ చప్పుడు ఏ మతమునకును ఏ భాషకును చెందినది కాదు. అందరును ఒక్కసారిగా తలయెత్తి చూతురు. కోట చెప్పవలసిన మొదటి మాట అదియే.