నల్లబడిన ఇసుక

తేటగా ఉన్న నీటిని చూచినంతనే మనస్సు నమ్మును. బురద తేరిన చెఱువునీటినైనను, అప్పుడే తోడిన బోరునీటినైనను గాజుపాత్రలో పోసి వెలుతురున కడ్డముగా పట్టి, అందు నలక లేదని తేల్చుకొన్న పిమ్మట నిశ్శంకముగా త్రాగుట మనకు తరతరముల అలవాటు. ఆ అలవాటు మురికినుండి మనలను కొంతవఱకు కాపాడినదే కాని, రాతినుండి కాపాడలేదు. భూగర్భమున ఏండ్ల తరబడి శిలలను ఒరసికొనుచు నిలిచిన నీరు ఆ శిలలలోని ద్రవ్యములను తనలో కరగించుకొని పైకి వచ్చును; అట్లు కరగినది కంటికి కానరాదు, ముక్కున కందదు, పలుమారు నాలుకకును తెలియదు. నీటిని పరీక్షించుటయు, శుద్ధిచేయువారి పనిని దగ్గఱనుండి చూచుటయు బ్రదుకుతెరువుగా చిరకాలము గడపినవాడను గనుక, ఆ కానరాని ద్రవ్యములలో ఎక్కువమంది తలపునకు రాని మాంగనీసును గూర్చియు, దానిని తొలగించు విద్యను గూర్చియు ఈ వారము వ్రాయబూనితిని.

మాంగనీసు తెలుగునేలకు క్రొత్త వస్తువు కాదు. భారతదేశమున ఈ ఖనిజపు త్రవ్వకము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున విజయనగర ప్రాంతమునందే మొదలైనది. అచ్చటి కోడూరు గనిలో కనబడిన ఒక విలక్షణ శిలకు ఫెర్మర్ అను భూగర్భశాస్త్రవేత్త ఆ యూరిపేరే పెట్టి కోడురైట్ అని వ్యవహరించెను. అయినను గనులున్న చోటనే నీటిలో మాంగనీసు ఉండుననియు, గనులు లేని చోట భయము లేదనియు తలచుట తగదు. ఇది మట్టిలోను రాళ్లలోను అంతటను కొద్దికొద్దిగా కలదు. గాలి చొరని లోతున, ఆకులలములు క్రుళ్లి ప్రాణవాయువు హరించిన చోట, తన గట్టి రూపమును విడిచి నీటిలో కరగిపోవును. నేటి పోలండులోని వ్రోట్స్‌వాఫ్ నగరము నాడు బ్రెస్లావు అను పేర జర్మనుల యధీనమున నుండగా, అచ్చటివారు నదీజలమును మాని క్రొత్తగా భూగర్భజలమును త్రాగ నారంభించిరి. ఏడాది యైనను సరిగా గడవకమునుపే, 1906లో ఓడర్ నదికి వఱద వచ్చి బావులున్న పొలములు మునుగగా, అంతవఱకు మంచిదైన ఆ నీరు ఇనుముతోను మాంగనీసుతోను నిండి నిరుపయోగమయ్యెను. నేలలోని నీటికి శాశ్వతమైన యోగ్యతాపత్రము ఎవ్వరును ఈయజాలరని ఆ నగరము ఐరోపాకంతకును నేర్పినది.

అణుమాత్రపు మాంగనీసు శరీరమునకు కావలయును. అది అన్నములోను పప్పులలోను మనకు లభించుచునే యున్నది. అధికమైనది నాడీమండలమును బాధించును. 2011లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున పరిశోధించినవారు, త్రాగునీటిలో మాంగనీసు ఎక్కువగా నున్న ఇండ్లలోని పిల్లలకు బుద్ధిపరీక్షలలో మార్కులు తక్కువగా వచ్చుటను గుర్తించిరి. మన దేశపు ప్రమాణము లీటరునకు 0.1 మిల్లీగ్రామును హద్దుగా పెట్టి, వేఱు జలాధారము లేనిచో 0.3 వఱకు సహింపుమన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో, డబ్బాపాలను నీటిలో కలిపి త్రాగించు శిశువులను దృష్టిలో నుంచుకొని, 0.08 అను మఱింత తక్కువ హద్దును సూచించినది.

ఇక తొలగించు విధానము. నేలలో సాధారణముగా ఇనుమును మాంగనీసును కలిసియే యుండును గాని, ఇనుము తన్ను తాను దాచుకొనలేదు. బోరునీటిని బిందెలో నిలువయుంచిన కొంతసేపటికే గాలి తగిలి ఎఱ్ఱని చిలుము తేలును. కరక్కాయ కషాయము పడినచో నల్లబడును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుపరజను బెల్లము ఊరవేసిన ద్రవముతో నల్లని గీతలు గీయుట ఈ గుణమును ఆధారము చేసికొనియే. కనుక ఇనుమును తీయుటకు నీటిని మెట్లమీదుగా జాలువార్చి గాలి తగిలించి, ఏర్పడిన చిలుమును ఇసుకతో వడియగట్టిన చాలును. మాంగనీసు అంత సులభముగా లొంగదు. పీహెచ్ 9 దాటిన నీటిలో తప్ప కేవలము గాలికి అది గట్టిపడదు. మెట్లు దిగి, ఇసుకను దాటి, గొట్టములలో ప్రయాణించి, ఇంటి తొట్టిలో చేరిన పిదప నెమ్మదిగా నల్లని పొరగా బయటపడి, ఉతికిన తెల్లబట్టపై మచ్చయై కనబడును. ఆ మచ్చను చూచి గృహిణి చాకలిసోడాను శంకించును గాని నీటిని శంకింపదు.

దానిని గట్టిపఱచుటకు బలమైన ఆక్సీకారిణి కావలయును. క్లోరిను ఒకటి, పొటాషియము పర్మాంగనేటు వేఱొకటి. ఈ రెండవది మన పూర్వుల కెఱుకైన వస్తువే. కలరా దినములలో బావులలో పర్మాంగనేటు కలుపు పద్ధతిని ఆగ్రాలో నుండిన హ్యాంకిన్ అను శాస్త్రజ్ఞుడు ప్రచారము చేసెను; నీరు గులాబిరంగు దాల్చి కొన్ని గంటలు నిలిచిన చాలునని లెక్క. పర్మాంగనేటు కూడ మాంగనీసు సమ్మేళనమే. ఒక రూపములోని మాంగనీసును వేఱొక రూపములోని మాంగనీసుచేతనే నీటినుండి వెలికిదీయుట రసాయనశాస్త్రమున నన్ను మిక్కిలి ముగ్ధుని చేసిన విషయములలో నొకటి. ఒక మిల్లీగ్రాము మాంగనీసునకు సుమారు 1.9 మిల్లీగ్రాముల పర్మాంగనేటు కావలయును. తక్కువైన పని జరుగదు. ఎక్కువైన ఊరి కుళాయిలన్నిటను గులాబినీరు వచ్చును.

అయినను ఈ విద్యలోని అసలు రహస్యము మందులో లేదు, ఇసుకలో నున్నది. క్రొత్తగా పఱచిన తెల్లని ఇసుక మాంగనీసును ఏమియు చేయలేదు. వారములు, ఒక్కొకచో నెలలు, నీరు దానిగుండ పోవుచుండగా రేణువు రేణువునకును మాంగనీసు ఆక్సైడుపొర పట్టి అది నల్లబడును. ఆ పొరయే అటుపిమ్మట వచ్చు మాంగనీసును ఆకర్షించి, క్లోరిను సాయముతో తనపై గట్టిపఱచుకొని, తానింకను దళసరియగును. పాలను తోడుపెట్టు పెరుగువలె, మొదట పేరుకొన్నది తరువాతిదానిని పేరబెట్టును. అందుచేతనే నేర్పరులు క్రొత్త ఫిల్టరు నెలకొల్పునప్పుడు పాత ఫిల్టరునుండి నల్లని ఇసుక కొంత తెచ్చి కలుపుదురు.

కోస్తాలోని ఒక చిన్నపట్టణపు నీటికేంద్రమున ఈ ఇసుక విలువ ఎఱిగిన వృద్ధుడైన పనివాడొకడు నాకు పరిచితుడు. క్రొత్తగా వచ్చిన అధికారి నల్లబడిన ఫిల్టరును చూచి రోతపడి, దానిని తోడిపోయించి తెల్లని ఇసుకతో నింపుడని ఆజ్ఞాపింపగా, అతడు చేతులు కట్టుకొని, “అయ్యగారూ, ఆ ఇసక తియ్యొద్దండీ, పనిచేసేది అదేనండి” అని బతిమాలుకొన్నాడు. విన్నవారు లేరు. శుభ్రమైన ఇసుక వచ్చినది. ఊరిలో బట్టలపై మచ్చలును వచ్చినవి. పొర తిరిగి పట్టువఱకు ఆ మచ్చలు పోలేదు. ఆ వృద్ధునకు ఆక్సీకరణమను మాట తెలియదు గాని, ఏండ్ల తరబడి పరిశీలించి తెలిసికొన్న జ్ఞానము శాస్త్రమునకు ఏమాత్రమును తీసిపోనిది.

ఈ పొరను నిలుపుకొనుటలోనే నేర్పంతయు ఉన్నది. ఫిల్టరును అడుగునుండి ఎదురునీటితో కడుగక తప్పదు. కడుగనిచో నీరు దిగదు. మితిమీరి కడిగినచో పొర ఊడిపోవును. క్లోరినును మానివేసి ఫిల్టరులోని ఇసుకను ఊరక విడిచినచో, పట్టియుంచిన మాంగనీసును అది తిరిగి నీటిలోనికి విడుచుటయు కలదు. కడిగిన నల్లనీరు ఎచ్చటికి పోవలయునో ముందే ఆలోచింపవలయును. తీసివేసినది లోకమునుండి మాయముకాదు గదా! దానిని మరల పక్క చెఱువులోనికే వదలినచో చేసిన శ్రమ యంతయు వృథా.

సాధనములకంటె సాధకుడు ముఖ్యుడను మాటకు, ఫ్లోరైడు విషయమున, మన నల్లగొండ పద్ధతియే సాక్ష్యము. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవు వ్యాధిని మన దేశమున మొట్టమొదట 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు నాటి నెల్లూరుజిల్లానుండియే లోకమునకు తెలియజేసిరి. తరువాత నాగపూరులోని నీరి సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగుపొడి అను మూడు సామాన్యవస్తువులతో ఆ ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అది ఆఫ్రికాదేశముల వఱకు వ్యాపించినది. పద్ధతి మంచిదే. కాని పటిక ఎంత వేయవలెననునది ఫ్లోరైడును బట్టియు, నీటి క్షారతను బట్టియు మాఱుచుండును. ఆ లెక్కను ప్రతిదినమును చూచి, మడ్డిని తీసి, తొట్టెలను కడుగువాడు ఊరికొకడు ఉండవలయును. అట్టివానికి తగిన శిక్షణ, క్రమమైన జీతము, చేయుపనికి గౌరవము లభింపని చోట ఎంత సులభమైన యంత్రమును తుప్పు పట్టును. ఇటీవల తెలంగాణమున కృష్ణాజలములు గొట్టముల వెంట అనేక గ్రామములకు చేరుట మహోపకారము. అయినను గొట్టపునీరు రాని దినమున ఊరివారు మరల బోరునే ఆశ్రయింతురు గనుక, ఆ బోరును గూర్చి తెలిసికొనవలసిన అవసరము తీరలేదు.

జలజీవన్ మిషను క్రింద గ్రామములలో స్త్రీలకు శిక్షణ నిచ్చి పరీక్షాసామగ్రి పెట్టెలను అందించుట నేను మనసార హర్షించిన కార్యము. అయితే ఆ పెట్టెలో సాధారణముగా ఫ్లోరైడునకు, ఇనుమునకు, నైట్రేటునకు పరీక్ష యుండును గాని మాంగనీసునకు ఉండదు. కావున బిందెలో నల్లని పొర కట్టుచున్నను, తెల్లబట్టపై కారణము తెలియని మచ్చలు పడుచున్నను, సీసాలో నీరు నింపి జిల్లా ప్రయోగశాలకు పంపి, మాంగనీసును ప్రత్యేకముగా పరీక్షింపుడని వ్రాసి అడుగుడు. వచ్చిన అంకెను పంచాయతీ గోడపై అందఱకు కనబడునట్లు వ్రాయింపుడు. మీ ఊరి నీటికేంద్రమున ఫిల్టరు కడుగు పనివానికి ఈ నెల జీతము అందినదో లేదో కూడ ఒకమారు విచారింపుడు.