సొంత సైటుకు మరమ్మతు

పాతికేళ్ల కిందట ముచ్చటపడి పెట్టుకున్న తెలుగు సొంత సైటును ఇప్పుడు తిరగరాయాలనుకునేవాళ్లు సాధారణంగా రంగుల దగ్గర మొదలుపెడతారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. అందులోని తెలుగు కంప్యూటర్‌కు తెలుగేనా?

యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చింది. అయితే మామూలు కంప్యూటర్లలో అది కుదురుగా కనబడటానికి విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. ఈలోగా ఎవరి ఫాంటు వాళ్లు తయారుచేసుకున్నారు. ఫైలులో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం కట్టేది. ఆ ఫాంటు లేని చోట వేషం ఊడి, అర్థంలేని గీతలూ గుర్తులూ మిగిలేవి. అలాంటి మాటలు వెతికితే దొరకవు, చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కూ అంతుపట్టవు. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ అలాంటి పేజీలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించి చాలామందికి మేలు చేసింది. కానీ పాఠకుడి దగ్గర జరిగే మార్పిడి మీద ఎల్లకాలం ఆధారపడలేం. సైటు యజమానే ఫైళ్లు మార్చుకుని, ఒత్తులూ పొల్లులూ ఓపిగ్గా సరిచూసుకోవాలి. స్కాన్ చేసి బొమ్మలుగా అతికించిన కథలనైతే మళ్లీ అక్షరాల్లోకి తేవాల్సిందే. విసుగు పుట్టించే పనే, కానీ మిగతాదంతా దీనిమీదే నిలబడుతుంది.

తర్వాత కట్టుబడి. హెచ్‌టీఎంఎల్ ట్యాగు చెప్పాల్సింది ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా’ అని. ఎలా కనబడాలో చెప్పడానికి 1996 చివర్లో సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చింది. అయినా చాలాకాలం పేజీలను పట్టికల గళ్లలో పేర్చి, ఫాంటు ట్యాగులతో రంగులద్దారు. 1998లో మొదలైన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్, బ్రౌజర్లన్నీ ఒకే ప్రమాణం పాటించాలని పోరింది. 2003లో డేవ్ షే పెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు అయితే వాదించకుండానే ఒప్పించింది. హెచ్‌టీఎంఎల్ ఒక్కటే, సీఎస్ఎస్ స్టైల్‌షీట్ మార్చినప్పుడల్లా పేజీ గుర్తుపట్టలేనంతగా మారిపోయేది.

కట్టుబడినీ రూపాన్నీ వేరుచేసే ఈ విభజన డిజైనర్ల సరదా కోసం పుట్టింది కాదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు, మైఖేల్ కరన్, జేమ్స్ టే, దాన్ని నిర్మించారు. అందులో ‘హెచ్’ మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకవచ్చు. శీర్షికను మామూలు పేరాగా రాసి అక్షరాలు లావు చేసి ఊరుకుంటే, ఆ దూకుడుకు అది అందదు. అలాగే పేజీ మొదట్లో భాష తెలుగని ప్రకటించాలి. లేకపోతే స్క్రీన్ రీడర్ తన ఇంగ్లీషు గొంతుతోనే మన వాక్యాల మీద పడవచ్చు.

ఇక రూపం. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడంలో ‘రాష్ట్రం’ ఇరుక్కుపోతుంది, ఎత్తు బిగించిన పెట్టెలో పెడితే అడుగున తెగిపోతుంది కూడా. వరుస ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఉంచాలి. ఇటాలిక్స్ తెలుగుకు నప్పవని నా గట్టి అభిప్రాయం. బ్రౌజర్ మన గుండ్రటి అక్షరాలను పక్కకు తోసి వంచడం తప్ప అందులో ఏ కళా లేదు.

రంగుల తేడాకు కొలత ఉంది. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద #777777 అనే బూడిదరంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, #767676 గట్టెక్కుతుంది. సన్నటి ఒత్తులున్న మనం ఆ గీటు మీదే నిలబడకుండా ఇంకాస్త నలుపుకు జరగడం మేలు.

ఫొటోలకు స్క్రీన్ రీడర్ చదివే వివరణ, అంటే ఆల్ట్ పాఠం, రాసేటప్పుడు ‘ఫొటో 3’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘పెళ్లి పందిట్లో తాతయ్య, అమ్మమ్మ’ అంటే చెప్పినట్టు. కేవలం అలంకారానికి పెట్టిన ముగ్గు అంచుకు ఆల్ట్‌ను ఖాళీగా వదిలేయాలి, లేకపోతే వినేవాళ్లు ప్రతి పేజీలోనూ ఆ ముగ్గును భరించాలి. తెరకు అడ్డంగా పరుగెత్తే ‘సుస్వాగతం’, పేజీ తెరవగానే మోగే పాట తీసేయండి. మనసొప్పకపోతే, ఆపడానికి మీట పెట్టండి. లింకులన్నీ ‘ఇక్కడ నొక్కండి’ అని ఉంటే, లింకుల జాబితా తెరిచి వినేవారికి అదే మాట పదిసార్లు వినబడుతుంది. మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ మీటతో సైటంతా తిరిగి చూడండి. ఎక్కడున్నామో చూపే గీతను అందంగా లేదని స్టైల్‌షీట్‌లో తొలగించి ఉంటే వెంటనే తిరిగి పెట్టండి.

పాత పేజీల చిరునామాలు మార్చకుంటేనే మంచిది. మార్చక తప్పకపోతే సర్వర్‌లో శాశ్వత మార్పును తెలిపే 301 దారిమళ్లింపు రాయాలి. ఫలానా కథ కోసం ఏళ్లనాటి లింకు పట్టుకుని వచ్చిన పాఠకుడికి ముఖపుటం కాదు, ఆ కథే తెరుచుకోవాలి.