ద్వ్యర్థి విమానము

పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యముచేత రామకథను, భారతకథను ఏకకాలమున నడిపించెను గనుక, ఆ కావ్యమును చేతబట్టిన పండితులు రసమునకంటె ముందు అతుకులు వెదకుదురు. ఏ పదమైనను ఒక కథకు చక్కగా అమరి, రెండవ కథకు పొట్టిచొక్కావలె బిగుసుకొనుచున్నదేమో అని వారి అనుమానము. ఉద్యోగవిరమణానంతరము గ్రాంటు దరఖాస్తులు దిద్దుట నాకు వ్యాపకమైనది మొదలు ఆ పండితుల అవస్థ నాకును పట్టినది. సైన్యమునకు, పౌరులకు ఒకే యంత్రము పనికివచ్చునని చెప్పుచు సర్కారును సొమ్మడుగు దరఖాస్తు ద్వ్యర్థికావ్యము కాక మరేమి?

బాలానగర్‌లో ఒక లేత్ మిషన్ షెడ్డు వెనుకగదిలో ఇద్దరు కుఱ్ఱవాండ్రు డ్రోను కట్టుచున్నారు. 2021 సెప్టెంబరులో వికారాబాదున డ్రోనులమీద మందులు, టీకాలు పంపు ప్రయోగమును తెలంగాణ ప్రభుత్వము ఆరంభించినపుడు వారు కళాశాల విద్యార్థులు. ఆ వార్త చదివియే ఈ పనికి దిగిరట. పిమ్మట ఎవరో చెప్పగా, మంచుకొండలమీది సైనికస్థావరములకు సరకులు చేరవేయుటకును తమ యంత్రము పనికివచ్చునని వారికి తోచినది. రక్షణమంత్రిత్వశాఖవారి ఐడెక్స్ పథకము 2018 ఏప్రిల్‌లో చెన్నపట్టణమున ప్రారంభమైనది. అందు చిన్న సంస్థలకు కోటిన్నర వరకును, ప్రైమ్ అను పై మెట్టున పది కోట్ల వరకును, అదితి అను దానియందు ఇరువదియైదు కోట్ల వరకును సాయమందును. వీరు కోటిన్నర మెట్టునకే దరఖాస్తు వ్రాసికొని నా యింటికి వచ్చిరి.

మొదటి పుటలోనే, ఏ వాతావరణమునందైనను, ఎంత యెత్తునందైనను పది కిలోల బరువును తమ డ్రోను మోయునని వ్రాసియుండిరి. నేను ఎఱ్ఱసిరా కలము మూత తీసి, ఆ వాక్యము క్రింద గీతగీసి, అయిదువేల మీటర్ల యెత్తున ఎంత మోయునని అడిగితిని.

"ఎక్కడైనా ఎగరడమే గదా సార్!" అని పెద్దవాడనెను.

ఎగురుటయే; కాని గాలి ఒకటి కాదు. ఆ యెత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున నుండుదానిలో నూటికి అరువది పాళ్లు మాత్రమే. రెక్కలు అవే, వేగమదేయైనచో ఎత్తు బలమును అరువది పాళ్లకే దిగును. వారి యంత్రము బ్యాటరీలతో కూడ పదిహేను కిలోలు, పైన పది కిలోల మూట, వెరసి ఇరువదియైదు. అందులో అరువది పాళ్లనగా పదిహేను. అనగా ఇక్కడ పది కిలోలు మోయు మహానుభావుడు అక్కడ తన్ను తాను మోసికొనుటకే సరిపోవును. మూటలో ఒక్క మందుసీసాకైనను చోటు మిగులదు. చలికి బ్యాటరీ సత్తువ తగ్గుటను ఇంకను లెక్కలోనికి తీసికొననే లేదు. చిన్నవాడు క్యాలిక్యులేటరు నొక్కి నొక్కి, ఒకమారు తుడిచి మరల నొక్కి, దానిని బల్లమీద బోర్లించెను.

అలంకారశాస్త్రమున సభంగశ్లేష యని యొకటి కలదు: అక్షరములు అవియే, విఱుపు వేఱు, విఱుపు మాఱినంతనే అర్థము మాఱును. యంత్రమునందును ఆ విద్య చెల్లును. చట్రము అదే, దారిచూపు కంప్యూటరు అదే. రెక్కలు పొడవైనవి, మోటారు చుట్టు వేఱు, బ్యాటరీకి వెచ్చని తొడుగు. ఏది ఉభయకథలకు సామాన్యమో, ఏది విఱుగునో స్పష్టముగ చూపిన దరఖాస్తును పరీక్షకులు నమ్ముదురు. అట్లుగాక సేద్యమునుగూర్చి రెండు పుటలు, సైన్యమునుగూర్చి రెండు పుటలు వ్రాసి నడుమ పిన్ను గ్రుచ్చినది ద్వ్యర్థి కాదు. రెండు కథల కుట్టుడు.

ఈ కొలతల పట్టుదల నాకు పుట్టుకతో వచ్చినది కాదు. చాల ఏండ్ల క్రిందట నేనున్న చిన్న సంస్థకు ఒక కార్యాలయమునుండి గ్రాంటు మంజూరయ్యెను. రెండవ విడతకు షరతుగా 'నమూనా తృప్తికరముగ పనిచేయవలెను' అని నేనే నా చేతితో వ్రాసితిని. ఎవరి తృప్తి? మొదట వచ్చిన అధికారి తృప్తిపడెను, ఆయన బదిలీయయ్యెను, తరువాతివాడు తృప్తిపడలేదు. ఎనిమిది నెలలు సొమ్ము కదలలేదు. ఇద్దరు ఫిట్టర్లు జీతములేక వెళ్లిపోయిరి. తప్పు ఆ అధికారిది కొంత, ఆ విశేషణమును వ్రాసిన నాది అధికము.

అమెరికావారి అనుభవమును ఇట్టిదే. 1898లో వారి యుద్ధశాఖ, శామ్యూల్ లాంగ్లీ యను పండితుని పేరుప్రతిష్ఠలను చూచి విమానము చేయుటకు ఏబదివేల డాలర్లిచ్చెను. 1903 అక్టోబరులో ఒకమారు, డిసెంబరు 8న మరియొకమారు ఆ విమానము పొటోమాక్ నదిలో పడినది. తరువాత తొమ్మిది దినములకు, సర్కారు కాసు ముట్టని రైటు సోదరులు ఎగిరిరి. ఏబదివేలు నీటిపాలైన కార్యాలయము 1905లో రైటులు వ్రాసిన ఉత్తరమును ఆదరించకపోవుటలో ఆశ్చర్యమేమి! కాని 1907 డిసెంబరున అదే సైన్యము ప్రకటించిన షరతుల పత్రమును నేను ఇప్పటికిని ఆదర్శముగ చూపుదును. యంత్రమును ఎట్లు కట్టవలెనో అందు నిర్బంధింపలేదు. ఇద్దరిని మోయవలెననియు, గంటసేపు గాలిలో నిలువవలెననియు, గంటకు నలుబది మైళ్లు పోవలెననియు, తగ్గిన మైలుకు ధరలో పదోవంతు కోత, పెరిగిన మైలుకు పదోవంతు బహుమానమనియు చెప్పిరి. 1909 పరీక్షలో వేగము నలుబదిరెండు మైళ్లు దాటెను గనుక రైటులకు ఇరువదియైదువేలకు బదులు ముప్పదివేల డాలర్లు ముట్టెను. అక్కడ ఎవరి తృప్తితోను పనిలేకపోయెను.

మిగిలిన కాగితములు విసుగేగాని విద్య కాదు. పౌరవినియోగమునకు డి.జి.సి.ఎ. టైప్ సర్టిఫికెట్టు, సైనికవినియోగమునకు విమానయోగ్యతను తేల్చు సెమిలాక్ సంస్థ అనుమతి, విదేశములకు అమ్మదలచినచో స్కోమెట్ అను ఎగుమతి నియంత్రణ జాబితా. సర్కారు ఇచ్చినంత దరఖాస్తుదారుడును పెట్టవలెనను నియమము మాత్రము నాకు మింగుడుపడదు. అది వ్యర్థుని వడగట్టును, పేదవానినిగూడ వడగట్టును. జెట్ ఇంజను కనిపెట్టిన ఫ్రాంక్ విటిల్, 1935లో అయిదు పౌనుల రుసుము కట్టజాలక, ఆంగ్లేయ వైమానికశాఖయు కట్టనన్నందున, పేటెంటునే వదలుకొనెను. ఆ అయిదు పౌనులు గుర్తున్న అధికారి ఎవరైనను ఈ నియమమును కొంత సడలింపుమని నా మనవి.

మరల బాలానగర్ విషయమునకు వత్తును. రెండు వారములు ఆ కుఱ్ఱవాండ్రు రెక్కలు మార్చి లెక్కలు కట్టిరి. చివరకు వచ్చిన అంకెను చూచి పెద్దవాడు మొగము చిన్నబుచ్చుకొనెను. "పది అని రాసిన చోట నాలుగు రాస్తే ఎవరిస్తారు సార్?" అని అడిగెను. నాలుగని వ్రాసి, దానికి క్రింద మొదటి విడతకు శీతలగదిలో బ్యాటరీ పరీక్షయు, రెండవ విడతకు కొండమీద ఎగురవేతయు షరతులుగా చేర్పుమంటిని. కొండమీద మూడే మోసినచో ఎంత కోతయో అదియును వారిచేతనే వ్రాయించితిని. పోయిన శనివారము రాత్రి, గడువునకు రెండు దినములు ముందుగ, పంపితిమి. మొదటి పుటలో ఇప్పుడున్న వాక్యమిది: నాలుగు కిలోలు, 5,000 మీటర్లు, సున్నకు దిగువ 20 డిగ్రీలు, 12 నిమిషములు. జవాబు ఇంకను రాలేదు.