ఓక్ చెట్ల కింద తయారయ్యే కొవ్వు

పంది ఏం తింటే దాని కొవ్వు అలాగే తయారవుతుంది. ఆవు, మేక, గొర్రెల్లో ఇలా జరగదు. నెమరువేసే జంతువు మేతలోని నూనెల్ని దాని పొట్టలోని సూక్ష్మజీవులు ముందే మార్చేస్తాయి. అసంతృప్త కొవ్వు ఆమ్లాల్లో చాలా భాగం అక్కడే సంతృప్తమైపోతుంది. ఏ మేత వేసినా గొర్రె కొవ్వు చల్లారగానే పెళుసుగా గట్టిపడడానికి కారణం అదే. పంది పొట్టలో ఆ మార్పు జరగదు. తిన్న నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఉన్నవి ఉన్నట్టే పేగు దాటి, రక్తంలో కలిసి, చర్మం కింద పొరలుగా చేరతాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేరుశెనగ మేసిన పందుల మాంసం మెత్తబడి జారిపోతోందని వ్యాపారులు గొడవపెడితే, 1920లలో ఎల్లిస్, ఇస్బెల్ అనే శాస్త్రవేత్తలు దానికి మూలం మేతలోని నూనేనని లెక్కలతో చూపించారు. అక్కడ తప్పుగా కనిపించిన ఈ గుణం మీదే నైరుతి స్పెయిన్ రైతులు ఒక గొప్ప సంప్రదాయాన్ని నిలబెట్టారు. అదే హమోన్ ఇబేరికో, అంటే ఇబేరియన్ నల్ల పంది వెనక తొడను ఉప్పులో ఊరబెట్టి, ఏళ్ల తరబడి ఆరబెట్టే విద్య.

ఈ విద్య మొదలయ్యేది వంటింట్లోనో కొట్టంలోనో కాదు, చెట్ల దగ్గర. ఎస్త్రెమదూరా, వెల్వా, కోర్దోబా ప్రాంతాల్లోనూ, సరిహద్దు దాటి పోర్చుగల్‌లోని అలెంతేజోలోనూ ఎడం ఎడంగా ఓక్ చెట్లు, వాటి కింద పచ్చికతో మైళ్ల కొద్దీ భూములుంటాయి. స్పెయిన్‌లో వీటిని దెయేసా అంటారు. అడవిని పలచన చేసి, కొమ్మలు పక్కలకు విస్తరించేలా నరుకుతూ, తరాల తరబడి మనుషులు మలుచుకున్న నేల ఇది. ఇక్కడ ప్రధానమైన చెట్టు ఎన్సీనా. ఏడాది పొడవునా ఆకులుండే ఓక్ అది. బెరడు నుంచి సీసా బిరడాలకు కార్క్ ఇచ్చే ఓక్ దాని తోడు. అన్ని జాతులకూ కాయలు ఒకేసారి పండవు. ఎన్సీనా కాయలు ముగిసే వేళకు కార్క్ ఓక్ కాయలు రాలుతుంటాయి. శీతాకాలమంతా మేత దొరకడం ఈ వరస వల్లే.

కాయలు రాలే కాలాన్ని మోంతనేరా అంటారు. అక్టోబరులో మొదలై ఫిబ్రవరి దాటేదాకా సాగుతుంది. అంతకుముందు నెలల్లో పందికి మేత కొలిచి పెడతారు. ఎముక, కండ పెరగాలి గానీ కొవ్వు ముందే పేరుకోకూడదు. ఆ పొదుపులోనే సగం నేర్పు ఉందని నాకనిపిస్తుంది. ఏ చేనులో ఎన్ని కాయలు కాశాయో చెట్టు చెట్టూ చూసి ముందుగా అంచనా వేస్తారు. దాన్ని బట్టి ఎన్ని పందుల్ని వదలాలో తేలుతుంది. 2014 నాటి స్పెయిన్ నిబంధనల ప్రకారం హెక్టారుకు ఒకటింపావు పందికి మించకూడదు, కాయ తక్కువైతే ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. 92 నుంచి 115 కిలోల బరువుతో లోపలికి వెళ్లిన పంది కనీసం 60 రోజులు అక్కడే మేసి, కనీసం 46 కిలోలు పెరగాలి. కోసేనాటికి వయసు 14 నెలలకు తగ్గకూడదు.

పంది కాయను నోట్లో కొరికి, వగరు పెంకును ఉమ్మేసి, పప్పును మాత్రమే మింగుతుంది. రోజుకు ఏడు నుంచి పది కిలోల కాయలు తింటుందని అంచనా. అయితే కాయలతోనే బతకలేదు. వాటిలో మాంసకృత్తులు బాగా తక్కువ. ఆ లోటు తీర్చేది వానలకు మొలిచిన పచ్చిక. విటమిన్ ఇ కూడా పచ్చికలోనే ఎక్కువ. అది కొవ్వులో చేరి, ముందు ముందు ఏళ్ల తరబడి గాలిలో వేలాడబోయే తొడను ముక్కిపోకుండా కాపాడుతుంది. ఇక కాయలోని కొద్దిపాటి నూనెలో అరవై శాతానికి పైగా ఓలియిక్ ఆమ్లం ఉంటుంది. ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండేదీ అదే. కాయలోని పిండిపదార్థాన్నీ పంది కొవ్వుగా మార్చుకుంటుంది. ముందు పామిటిక్ ఆమ్లం, దాన్నుంచి స్టియరిక్, దాన్నుంచి మళ్లీ ఓలియిక్. లినోలియిక్ ఆమ్లాన్ని మాత్రం పంది సొంతంగా తయారు చేసుకోలేదు. అది మేతలోంచే రావాలి.

ఫలితం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. దాణా తిన్న మామూలు పంది కొవ్వులో ఓలియిక్ సుమారు 40 నుంచి 45 శాతం. ఓక్ కాయలు తిన్న పందిలో అది 53, 55 దాకా చేరుతుంది. పామిటిక్ 20 దగ్గర, స్టియరిక్ 10 లోపు, లినోలియిక్ 8, 9 దగ్గర ఆగుతాయి. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే అవి కరిగే వేడి చూడాలి. స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీలకు గానీ కరగదు. ఓలియిక్ 14 డిగ్రీలకే నీరవుతుంది. చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి గడ్డకట్టి, పక్కనే నువ్వుల నూనె గడ్డకట్టకుండా అలాగే ఉండడం మనం చూసేదే. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉండే మామూలు పంది కొవ్వును ఓక్ కాయ నూనె వైపు జరుపుతుంది. అందుకే పాతకాలపు కొనుగోలుదారు బొటనవేలితో కొవ్వును నొక్కి చూసేవాడు. వేలు సులువుగా దిగితే, వేలి వేడికే మెరుస్తూ కరిగితే, ఆ పంది చెట్ల కింద తిరిగినదే.

ఒకే పందిలోనూ కొవ్వంతా ఒకటి కాదు. చర్మానికి దగ్గరి పొర మెత్తన, లోపలి పొర కొంత గట్టి, మూత్రపిండాల చుట్టూ ఉండేది అన్నిటికన్నా గట్టి. చలి తగిలే చోట కొవ్వు మెత్తగా ఉంటుందన్నమాట. 1901లో హెన్రిక్స్, హాన్సెన్ అనే పరిశోధకులు దీన్ని తేల్చడానికి ఒక పందికి గొర్రెతోలు కోటు తొడిగి చలిలో ఉంచారు. కోటు లేకుండా చలిలో పెరిగిన పందికన్నా దాని పైపొర కొవ్వులో అసంతృప్తత తక్కువగా తేలింది. ఎంత సులువైన ప్రయోగం, ఎంత చక్కని జవాబు!

కోసిన తొడను సముద్రపు ఉప్పులో పూడ్చిపెడతారు, కిలోకు ఒక రోజు చొప్పున. తర్వాత కడిగి, ఉప్పు లోపలిదాకా సమంగా పాకేవరకు వారాల తరబడి చల్లని గదిలో వేలాడదీస్తారు. అక్కడినుంచి ఆరుగదికి. కొండ ఊళ్లలో ఆ గదికి పెద్ద కిటికీలుంటాయి. పొద్దున తెరవాలా, మూయాలా, ఎంత మేర అన్నది గాలిని చూసి పెద్ద పనివాడు తేలుస్తాడు. ఎండలు ముదిరాక తొడకు చెమట పడుతుంది. కరిగిన కొవ్వు కండ పోగుల మధ్యకు ఇంకుతుంది, కొంత బొట్లుగా కిందికి కారుతుంది. గట్టి కొవ్వైతే ఇలా లోపలికి ఇంకదు. ఆ తర్వాత చీకటి నేలమాళిగలో నెలలు గడుస్తాయి. ఏడు కిలోలు, ఆపైన తూగే తొడకు మొత్తం కనీసం 730 రోజులు పట్టాలని నిబంధన. మంచివి మూడేళ్లు దాటుతాయి. బరువులో మూడో వంతు దాకా తగ్గుతుంది. కండలోని ఎంజైములు మాంసకృత్తుల్ని విడగొడతాయి. కోసినప్పుడు కనిపించే తెల్లని చుక్కలు అలా పేరుకున్న టైరోసిన్. ఓలియిక్ ఆమ్లం గాలితో నెమ్మదిగా కలిసి సువాసననిచ్చే పదార్థాలుగా విడిపోతుంది. లినోలియిక్ ఎక్కువుంటే ఆ పని తొందరగా జరిగి ముక్క వాసన వస్తుంది. చివరికి నిపుణుడు సన్నని ఎముక సూదిని తొడలో గుచ్చి, తీసి, వాసన చూస్తాడు. ఆ రంధ్రాన్ని కాస్త కొవ్వుతో మూసేస్తాడు.

ఇరవయ్యో శతాబ్దం చివర్లో వేలి పరీక్ష స్థానంలోకి గ్యాస్ క్రొమటోగ్రఫీ వచ్చింది. కొవ్వు నమూనాలో నాలుగు ఆమ్లాల శాతం కొలిచి ధర కట్టేవారు. ఓలియిక్ ఇంతకు తగ్గకూడదు, లినోలియిక్ ఇంతకు మించకూడదు అని ఒప్పందాల్లో రాసుకునేవారు. అంకెకు ధర పలికేసరికి అంకెను తయారుచేయడం నేర్చుకున్నారు. ఓలియిక్ అధికంగా ఉండే పొద్దుతిరుగుడు దాణాలో కలిపితే కొట్టంలో కట్టేసిన పంది కూడా పరీక్షలో నెగ్గేది. రసాయనశాస్త్రం అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నే చిన్నది. పచ్చికలోని విటమిన్, నడకతో గట్టిపడ్డ కండ ఆ నాలుగు అంకెల్లో కనిపించవు. అందుకే 2007, 2014 నిబంధనలు బరువును పొలంలో జరిగే తనిఖీ మీద పెట్టాయి. ఇప్పుడు తొడకు తగిలించే ముద్ర రంగే కొనేవారికి గుర్తు: నలుపైతే నూరు శాతం ఇబేరియన్ జాతి, ఓక్ కాయల మేత. ఎరుపైతే కాయల మేతే గానీ సంకర జాతి. ఆకుపచ్చైతే ఆరుబయట పెరిగి దాణా కూడా తిన్నది. తెలుపైతే దాణాతోనే పెంచినది.

ఈ కొవ్వు ఆలివ్ నూనెతో సమానమని ప్రచారం చేసేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఇందులో సంతృప్త కొవ్వు ఇంకా మూడో వంతు దాకా ఉంది, ఉప్పు సరేసరి. పలుచని పొరలుగా, కొద్దిగా, గది వేడిలో తినే పదార్థం ఇది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వడ్డిస్తే మెత్తని కొవ్వు కోసం పడ్డ శ్రమంతా వృథా.

1960లో స్పెయిన్‌లో అడుగుపెట్టిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఈ పందుల మందల్ని బాగా దెబ్బతీసింది. దాన్ని వదిలించుకోవడానికి 1995 దాకా పట్టింది. ఇప్పుడు ముప్పు చెట్లకు వచ్చింది. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు సూక్ష్మజీవి, దానికి తోడు వరస కరువులు. అక్కడివాళ్లు ‘సేకా’ అనే ఈ ఎండుతెగులుతో ఓక్‌లు నిలువునా మోడువారుతున్నాయి. రాలిన కాయల్ని పందులు, మొలకల్ని గొర్రెలు తినేస్తుంటే కొత్త చెట్టు లేవడం కష్టం. జాగ్రత్తపరులైన యజమానులు చేనులో ఒక ముక్కకు కంచె వేసి, మొక్కలు పశువు నోటికి అందనంత ఎత్తు పెరిగేదాకా మందను రానివ్వరు. అన్నేళ్లూ ఆ ముక్క మీద వచ్చే ఆదాయాన్ని వదులుకుంటారు.